హుస్సేన్ సాగర్‌లో ఆదివారం పందెం

వినాయక నిమజ్జనం రోజుల్లో ట్రాఫిక్ మళ్లింపుల ప్రకటన విన్నవాళ్లందరికీ సెయిలింగ్ క్లబ్ జంక్షన్ పేరు తెలుసు. కర్బలా మైదాన్ వైపు నుంచి వచ్చే బండ్లు అక్కడ ఎటు తిరగాలో పోలీసులు ఏటా చెబుతారు. కానీ ఆ దగ్గర్లోనే నీళ్ల మీద తెరచాప పడవలు నడుస్తాయని, వాటిని నడిపేవాళ్లలో మనలాంటి ఉద్యోగస్తులు, కాలేజీ పిల్లలు, రిటైరైన మిలటరీవాళ్లు ఉంటారని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా అది డబ్బున్నవాళ్ల సరదా అనుకుంటారు. ఆ మాట సగమే నిజం. కొత్త పడవ కొనాలంటే ఖరీదే. పడవలు ఇప్పటికే ఉన్నచోట, ఒక ఆదివారం పొద్దున్న పది పన్నెండు పడవలకి పందెం పెట్టాలంటే మాత్రం పెద్దగా ఏమీ కాదు. మా సినిమా లెక్కలో చెప్పాలంటే, చిన్న యూనిట్‌కి ఒక పూట టిఫిన్లు, టీలు పెట్టినంత.

నేను సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్‌ని. ఇల్లు వెంగళరావు నగర్‌లో. కొన్నేళ్ల కిందట నెక్లెస్ రోడ్డు మీద పొద్దున్న పూట ఒక పాట తీస్తుంటే ఫ్రేములోకి చిన్న చిన్న తెల్ల తెరచాపలు వచ్చాయి. వాటిని కాస్త పక్కకి తీయమని చెప్పడానికి ఒడ్డుకి వెళ్లాను. పదేళ్ల పిల్లలు, పడవకొకరు. ఇంజను లేదు, తెడ్డు లేదు. అటు కొంత, ఇటు కొంత వంకర్లు తిరుగుతూ గాలి ఎటు నుంచి వస్తోందో అటువైపే వెళ్తున్నారు. గాలికి ఎదురు పోవడం ఎలాగన్నది ఆ రోజంతా నన్ను వదల్లేదు. తర్వాత నేనూ చేరి నేర్చుకున్నాను. నేర్చుకున్నాక నన్ను ఇంకా గట్టిగా పట్టుకున్నది పందెం జరిపించే పని. తేదీ, మనుషులు, అనుమతి, వాతావరణం, భోజనం, నిమిషం తేడా రాకుండా మొదలుపెట్టడం. ఇవన్నీ నా వృత్తిలో రోజూ చేసేవే.

ఇక్కడ పెద్ద పందేలు లేకపోలేదు. కుతుబ్ షాహీల కాలంలో, 1562 ప్రాంతంలో, నగరానికి నీళ్ల కోసం తవ్వించిన ఈ చెరువు సముద్రానికి దూరంగా ఉన్నా ఇవాళ దేశంలోని సెయిలర్లందరికీ తెలిసిన చోటు. సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, లేజర్ అనే రకం పడవలవాళ్ల లేజర్ క్లాస్ అసోసియేషన్ కలిసి హైదరాబాద్ సెయిలింగ్ వీక్ నడుపుతాయి. సుహేమ్ షేక్ స్థాపించిన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వానాకాలంలో మాన్సూన్ రెగట్టా అనే పడవ పందేలు పెడుతుంది. ఈ క్లబ్బు పేదింటి పిల్లల్ని చేరదీసి నేర్పించడం నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. జాతీయ స్థాయికి ఎదిగిన ప్రీతి కొంగర ఆ క్లబ్బు నుంచి వచ్చిన అమ్మాయే. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నేహా ఠాకూర్ రజతం, విష్ణు శరవణన్ కాంస్యం తెచ్చాక ఈ ఆట పేరు పేపర్లలో కాస్త కనబడుతోంది.

అయితే అవి వేరే మనుషుల పందేలు. ర్యాంకింగులు, జ్యూరీలు, వారం రోజుల సెలవు. వారానికి ఒక్క పూట నీళ్ల మీదికొచ్చే బ్యాంకు ఉద్యోగికీ సాఫ్ట్‌వేర్ కుర్రాడికీ అక్కడ పేరు ఇవ్వాలంటేనే జంకు. దాంతో ఆరు నెలలు నేర్చుకుని, ఆపై నాలుగు ఆదివారాలు ఊరికే అటూ ఇటూ తిరిగి, విసుగొచ్చి మానేస్తారు. వాళ్లని నిలబెట్టేది చిన్న పందెమే. పక్క పడవ కంటే ముందు మలుపు తిరగాలన్న పట్టుదల ఒక్కసారి కలిగితే, తెరచాప ఎంత లాగాలో, ఎప్పుడు వదలాలో నెలల తరబడి క్లాసు చెప్పినా రానిది ఒక్క పూటలో చేతికొస్తుంది.

చవగ్గా పెట్టడం ఈ ఆటకి కొత్త కాదు. 1947లో అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం క్లియర్‌వాటర్ ఊళ్లో పిల్లల కోసం చెక్కపెట్టెలతో బండ్లు చేసి వాలులో దొర్లించే పోటీలు ఉండేవి. ఆ బండి ఆ ఒక్క పోటీకే పనికొస్తుంది, అదే డబ్బుతో ఏడాదంతా ఆడుకునే పడవ చేయలేమా అని అక్కడి పెద్దలు అడిగితే, క్లార్క్ మిల్స్ అనే పడవల మేస్త్రి రెండు ప్లైవుడ్ షీట్లలో ఇమిడే మొండి ముక్కు పడవ ఒకటి గీసిచ్చాడు. అదే ఆప్టిమిస్ట్. నేను నెక్లెస్ రోడ్డులో చూసినవి అవే. ప్రపంచమంతా పిల్లలు ఇప్పటికీ దాంట్లోనే నేర్చుకుంటున్నారు. 1963లో ఇంగ్లండులో డైలీ మిర్రర్ పత్రిక పూనుకుని, ప్లైవుడ్ పలకల్ని రాగితీగతో కుట్టి రెజిన్‌తో అతికించే మిర్రర్ పడవని ఇంట్లోనే తయారుచేసుకునే కిట్‌గా అమ్మింది. ఫిల్మ్ నగర్‌లో సెట్లు వేసే మా ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కార్పెంటర్‌కి ఆ పడవ ఫొటో చూపిస్తే, "ఇది మనం వారంలో చేసేయొచ్చు సార్" అన్నాడు. ఇంకా ముందు, 1932 జనవరిలో, న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో కొందరు ఎముకలు కొరికే చలిలో బుల్లి పడవలతో పందెం మొదలుపెట్టారు. అవసరమైంది పట్టుదల ఒక్కటే.

మన దగ్గరా గాలిని నమ్ముకుని బతికినవాళ్లకి కొదవ లేదు. శాతవాహనులు రెండు కొయ్యల ఓడ బొమ్మతో నాణేలు వేశారు. గోదావరి పాయల్లో కోరంగి, తాళ్లరేవుల దగ్గర తెరచాప ఓడలు కట్టి సముద్రం మీదికి పంపారు. ఈ కళ మనకి పరాయిది అన్న మాట ఎవరైనా అంటే నాకు కష్టంగా ఉంటుంది.

ఇక పందెం సంగతి. ముందు కుదుర్చుకోవాల్సింది గాలి. హైదరాబాద్‌లో జూన్ చివర నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి నిలకడగా వీస్తుంది. పెద్ద పందేలు జులైలో పెట్టేది అందుకే. చలికాలంలో పొద్దున్న పూట నీళ్లు అద్దంలా ఉంటాయి, పడవ కదలదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఒక బాధ, సాయంత్రం ఉన్నట్టుండి లేచే ఈదురుగాలి దానికంటే పెద్ద బాధ. వినాయక చవితి ముందూ వెనకా చెరువు జోలికి పోకూడదు. నన్నడిగితే వారాంతపు సెయిలర్లకి జూన్ చివరి ఆదివారం, ఆగస్టు మొదటి రెండు ఆదివారాలు బావుంటాయి. గాలి ఉంటుంది, నడి జులైలో ఉన్నంత పొగరు ఉండదు.

గాలి వేగాన్ని నాట్లలో కొలుస్తారు. ఒక నాట్ అంటే గంటకి దాదాపు 1.85 కిలోమీటర్లు. 6 నుంచి 12 నాట్ల మధ్య ఉంటే కొత్తవాళ్లు కూడా సంతోషంగా నడుపుతారు. ఫోన్‌లో చూసే అంచనాకి తోడు నీళ్లకేసి చూడాలి. అలల కొనలన్నీ తెల్లగా విరుగుతుంటే 12 దాటిందన్నమాట. 15 దాటితే చిన్న పందెం వాయిదా వేసేయడమే. ఇంకో చిక్కు ఉంది. పడమటి గాలి నెక్లెస్ రోడ్డు చెట్లనీ భవనాలనీ దాటుకుని నీళ్ల మీదికి దిగుతుంది కాబట్టి ఒడ్డు దగ్గర అది తిన్నగా రాదు. ఒక పక్క విసురు, ఇంకో పక్క అసలేమీ ఉండదు. అక్కడ మలుపు గుర్తు పెడితే గెలుపు అదృష్టం మీద పడుతుంది. గుర్తుని ఒడ్డు నుంచి బాగా లోపలికి జరపాలి.

ఏడింటికి రమ్మని అందర్నీ పిలవడం సినిమా అలవాటు. ఇక్కడ అది పనికిరాదు. ఒకసారి ఎనిమిదిన్నరకి కూడా చాపలు వేలాడుతుంటే నేను కంగారు పడుతున్నాను. పడవలు చూసుకునే అతను చెయ్యి నీళ్లలో కడుక్కుంటూ, "జరంత ఆగన్నా, పది గొట్టనీ, గాలి లేస్తది" అన్నాడు. భూమి వేడెక్కితేనే పైగాలి కిందకి దిగుతుంది. పది కాకముందే నీళ్ల మీద మొదటి గరుకు మరకలు కనబడ్డాయి. అప్పట్నుంచి నా కాల్‌షీట్లో హాజరు ఎనిమిదిన్నర, మొదటి పందెం పది.

పడవలు, అనుమతి అనే రెండు తలనొప్పులకీ ఒకటే మందు: క్లబ్బుతో కలిసి చేయడం. ఎవరికి వాళ్లు పడవ తెచ్చి ఎక్కడపడితే అక్కడ దింపుకునే నీళ్లు కావివి. బుద్ధ విగ్రహానికి వెళ్లే టూరిజం బోట్లు తిరుగుతుంటాయి, వాటి దారికి అడ్డు రాకూడదు. క్లబ్బు దగ్గర పడవలూ, దింపుకునే ర్యాంపూ, రెస్క్యూ బోటూ, పోలీసులకి కబురు చెప్పే అలవాటూ అన్నీ ఉంటాయి. మనం తీసుకెళ్లాల్సింది ఒక తేదీ, పది పన్నెండు పేర్లు, పని చేసే నలుగురు మనుషులు. మిగతాది వాళ్లకి సంతోషమే. సభ్యులు పడవలు దింపకపోతే ఏ క్లబ్బుకీ కళ ఉండదు.

నేను గట్టిగా నమ్మే విషయం ఒకటుంది. తక్కువ ఖర్చు పందెంలో డబ్బూ శ్రద్ధా రెండే చోట్ల పెట్టాలి. ఒకటి స్టార్ట్ లైను, రెండోది రెస్క్యూ బోటు. తక్కినవన్నీ ఎంత తగ్గించినా ఎవరూ నొచ్చుకోరు. ఈ రెంటిలో ఏది తగ్గినా రెండో ఆదివారం ఎవరూ రారు.

స్టార్ట్ లైను అంటే నీళ్ల మీద కనిపించని గీత. ఒక కొసన పందెం జరిపించేవాళ్లు కూచునే కమిటీ బోటు, దాని మీద జెండా కర్ర. ఇంకో కొసన తేలే గుర్తు, దాన్ని బోయ్ అంటాం. గాలి వచ్చే దిక్కుకి ఈ గీత సరిగ్గా అడ్డంగా ఉండాలి. వాలిందంటే గాలికి దగ్గరైన కొసనే అందరూ గుమిగూడి ఒకరి మీదొకరు పడతారు. గీత పొడవు ఎంత? వచ్చిన పడవలన్నిటినీ వరసగా ఒకదాని వెనక ఒకటి పెడితే ఎంతవుతుందో దానికి ఒకటింబావు, ఒకటిన్నర రెట్లు. లేజర్ పడవ 4.2 మీటర్లు ఉంటుంది. పది లేజర్లకి 50 నుంచి 60 మీటర్ల గీత చాలు. కమిటీ బోటుని లంగరేసి, ముక్కు గాలికి తిరిగాక, బోటుకి సరిగ్గా అడ్డంగా చెయ్యి చాపి, ఆ చెయ్యి చూపించే చోట బోయ్ వేయిస్తాను. ఆ తర్వాత ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూస్తాను. హుస్సేన్ సాగర్ మీద గాలి ఐదు నిమిషాల్లో పది డిగ్రీలు పక్కకి జరగడం మామూలే. జరిగితే బోయ్‌ని మళ్లీ లాగి వేయాలి. అందరూ ఎండలో ఎదురుచూస్తున్నా సరే లాగి వేయాలి.

కొనే బోయ్‌లు గాలి నింపే నారింజ రంగు గుమ్మటాలు, ఖరీదు ఎక్కువ. మేం 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్లు వాడతాం. మూతి గట్టిగా బిగించి, క్యాన్‌కి నారింజ రంగు శాటిన్ గుడ్డ తొడుగుతాం. అడుగున నైలాన్ తాడు, తాడు చివర ఇసుక నింపిన గోతం. ఈ చెరువు అడుగంతా మెత్తటి బురద కాబట్టి గోతం దిగబడి కదలకుండా కూచుంటుంది. తాడుకి మీటరుకో ముడి వేసి పెట్టుకుంటే లోతు తెలుస్తుంది, తాడు వదులుగా వదిలేసి అది పడవల చుక్కానికి చుట్టుకునే బాధా తప్పుతుంది. పందెం అయ్యాక గోతం పైకి లాగేవాడికి ఓపిక ఉండాలి. తాడు ఆఖరి రెండు మీటర్లూ నల్లటి జిగురు బురదతో వస్తుంది. అందులో నాలాల కంపు, ఒక్కోసారి పాత విగ్రహాల ఇనప తీగ ముక్క, వెదురు పుల్ల. చేతికి తొడుగుల్లేకుండా ఆ తాడు ముట్టుకోనివ్వను.

జెండాలు కృష్ణా నగర్‌లో కాస్ట్యూములు కుట్టే దర్జీ కుట్టిపెట్టాడు. నీలం గుడ్డ మధ్య తెల్ల చతురస్రం ఒకటి, తెల్ల గుడ్డ మీద నీలం శిలువ గీతలు ఒకటి, ఎరుపు తెలుపు నిలువు పట్టీలతో కోసుగా ఉండేది ఒకటి. మొదటిది మొదలవబోతోందని చెప్పే జెండా. రెండోది ఎవరో గీత ముందే దాటేశారు, వెనక్కి రావాలని చెప్పడానికి. మూడోది వాయిదా జెండా. ప్రపంచంలో ఎక్కడైనా ఇవే జెండాలు, ఇవే అర్థాలు.

మొదలుపెట్టే తంతు ఐదు నిమిషాలది. ఐదు నిమిషాలు ఉందనగా ఆ పడవల రకాన్ని సూచించే క్లాస్ జెండా ఎక్కుతుంది. నాలుగు ఉందనగా తెల్ల చతురస్రం ఉన్న నీలం జెండా దానికి తోడవుతుంది. ఒక నిమిషం ఉందనగా ఆ నీలం జెండా దిగుతుంది. సున్నాకి క్లాస్ జెండా కూడా దిగుతుంది, పందెం మొదలు. ప్రతిదానికీ విజిల్ ఊదుతాం కానీ నియమం ప్రకారం లెక్కలోకి వచ్చేది జెండానే. ఊదడం మర్చిపోయినా, గాలికి వినపడకపోయినా జెండా కదిలిన క్షణమే సమయం. కార్లూ సైకిళ్లూ గీత దగ్గర నిలబడి ఉండగలవు, తెరచాప పడవ నిలబడదు. కాబట్టి ఈ ఐదు నిమిషాలూ పడవలన్నీ గీత వెనక తిరుగుతూ, గడియారం చూసుకుంటూ, సున్నా కొట్టేసరికి పూర్తి వేగంతో గీత మీద ఉండాలని చూస్తాయి. పందెంలో సగం అందం ఇక్కడే. కొత్తవాళ్లకి ఐదు నిమిషాలు ఎక్కువనిపిస్తే మూడు నిమిషాలకి కుదించుకోవచ్చు. అమెరికాలో కాలేజీ పందేలు అలాగే జరుగుతాయి. కానీ ఏది పెట్టినా ముందురోజే రాసి అందరికీ పంపాలి, ఆ పూట మార్చకూడదు.

గాలికి ఎదురుగా తిన్నగా ఏ పడవా వెళ్లలేదు. దాదాపు 45 డిగ్రీలు పక్కకి మళ్లి, అటొక మెట్టు ఇటొక మెట్టుగా ఎక్కాలి. అందుకే మొదటి గుర్తు ఎప్పుడూ గాలికి ఎదురుగా పెడతాం. అక్కడికి చేరేలోపే ఎవరికి పడవ తెలుసో తేలిపోతుంది. ఆ గుర్తు చుట్టి, గాలివాలుకి కిందకి వచ్చి, ఇంకో గుర్తు చుట్టి, మళ్లీ పైకి. ఒక్కో పందెం అరగంట, నలభై నిమిషాల్లో అయిపోయేలా దూరం పెట్టుకుంటే పొద్దుటి పూటలో మూడు జరపొచ్చు. ఒక పెద్ద పందెం కంటే మూడు చిన్నవే మేలు. మొదటిదాంట్లో వెనకబడ్డవాళ్లకి రెండోది ఉంటుంది.

ఇలాంటి పందెంలో రిఫరీ ఉండడని విన్న కొత్తవాళ్లు నమ్మరు. ఈ ఆట అంతర్జాతీయ సంస్థ వరల్డ్ సెయిలింగ్ నాలుగేళ్లకోసారి అచ్చువేసే నియమాల పుస్తకం పెద్దదే. మా పందేనికి అందులోంచి నాలుగు మాటలు తీసి ఒక కాగితం మీద తెలుగులో రాసిస్తాను. గాలి ఎడమ పక్కనుంచి తగులుతున్న పడవ, కుడి పక్కనుంచి తగులుతున్న పడవకి దారివ్వాలి. ఇద్దరికీ గాలి ఒకే పక్క తగులుతుంటే, గాలికి దగ్గరగా ఉన్నది కిందున్నదానికి దారివ్వాలి. మలుపు గుర్తు దగ్గర లోపలి పడవకి తిరగడానికి చోటివ్వాలి. ఆపదలో ఉన్నవాళ్లని చూస్తే పందెం వదిలేసి వెళ్లి ఆదుకోవాలి. తప్పు చేశానని తెలిసినవాళ్లు అక్కడికక్కడే పడవని తనచుట్టూ తాను రెండుసార్లు తిప్పి మళ్లీ పందెంలోకి రావాలి. కొత్తవాళ్లకి ఒక చుట్టు చాలని మేం ముందే రాసుకుంటాం. ఎవరూ చూడకపోయినా తప్పు తానే ఒప్పుకుని గిరగిరా తిరిగి, మూడు స్థానాలు పోగొట్టుకుని ముందుకు సాగిన కాలేజీ అమ్మాయిని చూశాను. ఆ పిల్లకి ఏ కప్పూ రాలేదు. ఒడ్డున అందరూ లేచి నిలబడ్డారు.

రకరకాల పడవలు వస్తే ఏం చేయాలి? ఇది అందరూ అడిగే ప్రశ్న. ఒక లేజర్, ఒక ఎంటర్‌ప్రైజ్, నాలుగు ఆప్టిమిస్టులు ఒకేసారి బయల్దేరితే పిల్లలు ఎప్పటికీ వెనకే. బ్రిటన్‌లో రాయల్ యాచింగ్ అసోసియేషన్ ఏటా పోర్ట్స్‌మత్ నంబర్లు ప్రకటిస్తుంది. నంబరు ఎంత పెద్దదైతే పడవ అంత నెమ్మదిదన్నమాట. లేజర్‌ది 1100 చుట్టూ ఉంటుంది, ఆప్టిమిస్ట్‌ది 1600 పైన. లెక్క తేలిగ్గా ఉండడానికి ఆప్టిమిస్ట్‌కి 1650 అనుకుందాం. ఆప్టిమిస్ట్‌కి గంట పట్టే దూరం లేజర్‌కి 40 నిమిషాలు. కాబట్టి ఆప్టిమిస్టుల్ని పది గంటలకి వదిలి, లేజర్లని పదీ ఇరవైకి వదిలితే, సరిగా నడిపినవాళ్లంతా పదకొండుకి ఒకేచోటికి చేరతారు. ముందున్నవాళ్లే విజేతలు. కాలిక్యులేటర్ అక్కర్లేదు, ఒడ్డున చూసే అమ్మానాన్నలకి వివరించనక్కర్లేదు. ఆఖరి పది నిమిషాలు పన్నెండేళ్ల పిల్ల ముందు, ఆమె వెనక నలభై ఏళ్ల డాక్టరు చెమటోడుస్తూ. ఇంతకంటే మంచి క్లైమాక్స్ నేను షూటింగులో చూడలేదు.

ఇప్పుడు రెస్క్యూ బోటు. మోటారు ఉన్న బోటు, నడపడం బాగా వచ్చినవాడు, నీళ్లలోకి దూకగలిగిన ఇంకొకడు. ఇది లేకుండా ఒక్క పడవ కూడా దింపను. పది పడవలకి కనీసం ఒకటి, పిల్లలుంటే రెండు. ఆ బోటులో పెట్రోలు నిండుగా ఉందా, కత్తి ఉందా, తాడుందా, తాగేనీళ్లున్నాయా అని నేనే ఎక్కి చూస్తాను. తాళ్లలో చిక్కుకున్నవాళ్లని కోసి తప్పించడానికి కత్తి. పడవ తిరగబడడం ఈ ఆటలో మామూలు సంగతి. లైఫ్ జాకెట్ ఉన్నవాళ్లు తేలుతారు, అడుగున పొడుచుకొచ్చిన పలక మీద నిలబడి బరువేస్తే పడవ మళ్లీ లేస్తుంది. లేజర్ ఖాళీ పెంకు 59 కిలోలే. కానీ రెండుసార్లు తిరగబడినవాడు అలిసిపోతాడు, మూడోసారికి వణుకుతాడు. అప్పుడు రెస్క్యూవాళ్లు ముందు మనిషిని ఎక్కించుకోవాలి, పడవ సంగతి తర్వాత. పడవ ఎక్కడికీ పోదు.

దీనికి తోడు హాజరు పట్టీ. షూటింగులో జూనియర్ ఆర్టిస్టుల లెక్క తప్పితే డబ్బు పోతుంది, ఇక్కడ ప్రాణం పోతుంది. నీళ్లలోకి వెళ్లేటప్పుడు సంతకం, ఒడ్డెక్కాక ఇంకో సంతకం. రెండో సంతకం లేని పేరు ఒక్కటి మిగిలినా రెస్క్యూ బోటు నీళ్ల మీదే ఉంటుంది. భోజనాలు చల్లారినా సరే.

నీళ్ల గురించి దాచడం మంచిది కాదు. కూకట్‌పల్లి నాలా తెచ్చిపోసిన మురికి దశాబ్దాలుగా ఈ చెరువులో పేరుకుంది. మునుపటికంటే కొంత మెరుగైందనే నాకు అనిపిస్తుంది గానీ, చేతికో కాలికో తెగిన గాయం ఉన్నవాళ్లు ఆ రోజు కమిటీ బోటులో కూచోవడమే మేలు. నోట్లోకి నీళ్లు పోకుండా చూసుకోవాలి, ఒడ్డెక్కగానే సబ్బుతో స్నానం చేయాలి. పడవల్నీ, చాపల్నీ కూడా మంచినీళ్లతో కడగాలి. వారం వారం ఈ నీళ్లలో మునిగి లేచేవాళ్లే ఈ చెరువు శుభ్రం కావాలని గట్టిగా అడగగలరు. నేను ఇంతమందిని నీళ్లలోకి రమ్మని పిలవడానికి అదీ ఒక కారణం.

ఇక ఖర్చు దేని మీద పెట్టకూడదో చెబుతాను. ఫ్లెక్సీ వద్దు. శాలువాలు వద్దు. మైకులు, వేదిక, కుర్చీలు అసలు వద్దు. ముఖ్య అతిథిని పిలవొద్దు. ఆయన వచ్చేదాకా గాలి ఆగదు, వచ్చాక ప్రసంగం అయ్యేసరికి గాలి దిక్కు మారుతుంది. ఎవరైనా పెద్దమనిషికి ఆసక్తి ఉంటే లైఫ్ జాకెట్ వేసి రెస్క్యూ బోటులో తిప్పండి, ప్రసంగం కంటే ఎక్కువ గుర్తుంటుంది. టీ షర్టులు పంచడం కూడా అనవసరమే. ఎంట్రీ ఫీజు టిఫినూ పెట్రోలూ వచ్చేంత. విద్యార్థులకి అందులో సగం. స్పాన్సర్లు వస్తామంటే పెట్రోలు పోయించమనండి, చాప చిరిగితే కుట్టించమనండి. వెంగళరావు నగర్ నుంచి ఇడ్లీ, గారె, అల్లం పచ్చడి క్యారియర్లలో వెళ్తాయి. నీళ్ల మీద మూడు పందేలు ఆడినవాడి ఆకలి యూనిట్‌లో లైట్‌మెన్ ఆకలికి ఏమాత్రం తీసిపోదు. పది మందికని చెప్పి పదిహేను మందికి తెప్పించడమే మంచిది.

పాయింట్లు చాలా తేలిక. మొదట వచ్చినవాళ్లకి 1, రెండో స్థానానికి 2, అలా. మొత్తం తక్కువ ఉన్నవాళ్లే విజేత. మధ్యలో మానేసినవాళ్లకి మొత్తం పడవల సంఖ్య మీద ఒకటి ఎక్కువ. మూడు పందేలూ జరిగితే ఒక్కొక్కరి చెత్త ఫలితం ఒకటి తీసేస్తాం. ఇది కొత్తవాళ్లకి పెద్ద ఊరట. ఒకసారి తిరగబడినంత మాత్రాన పూటంతా పాడైపోదు. బహుమతి విజేతకి ఒకటి, ఆఖరి పడవకి ఒకటి. ఆఖరి పడవ గీత దాటేదాకా కమిటీ లేవకూడదు, ఆ పడవకీ మొదటి పడవకి ఊదినట్టే విజిల్ ఊదాలి. గాలి పడిపోయి మరీ ఆలస్యమైతే దారిని కుదించే జెండా ఉంది. దాన్ని వాడి గౌరవంగా ముగించాలి గానీ, చేయి ఊపి వచ్చేయమనకూడదు.

నడపడం తెలియనివాళ్లు కూడా దీనికి పనికొస్తారు. నిజానికి వాళ్ల కొరతే ఎక్కువ. ఒకరు గడియారం చూసి అంకెలు పైకి చదవాలి, ఒకరు జెండాల తాళ్లు లాగాలి, ఒకరు గీత వెంట కన్నేసి ముందు దాటినవాళ్ల చాప నంబరు చెప్పాలి, ఒకరు రాయాలి. ఒక్క పందెం చూస్తే చాలు, రెండోదానికి పని వచ్చేస్తుంది. మా కమిటీ బోటులో గడియారం పట్టేది డబ్బింగ్ ఇంజనీరు. లిప్ సింక్ చూసిన కన్ను కాబట్టి ఆయన అంకెలో తేడా రాదు. రాసేది మా అపార్ట్‌మెంట్‌లోని రిటైర్డ్ లెక్కల టీచరమ్మ. ఆమెకి ఈత రాదు. లైఫ్ జాకెట్ బిగించుకుని, టోపీ కింద కొంగు ముడేసుకుని, ప్రతి నంబరూ వరసగా దించుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు ఆమే ఒక సంగతి కనిపెట్టింది: పెన్నుతో రాసిన కాగితం మీద ఒక్క అల తుంపర పడితే ఫలితాలన్నీ చెరిగిపోతాయి. వచ్చేటప్పుడు పెన్సిల్ తెచ్చుకోండి, రెండు తెచ్చుకోండి. నీళ్లలో పడేది ఎప్పుడూ చెక్కి ఉన్న పెన్సిలే.